కుమారి కొర్నేలియా సొరాబ్జీ చరిత్రము

పరీక్షాఫలితములు వెలువడిన దినములలో మా పాఠశాలకు వచ్చు తలిదండ్రులు తఱచుగ నడుగు ప్రశ్న యొకటి గలదు. పిల్లలను ఏ కళాశాలలో చేర్పవలెను? ఏ విశ్వవిద్యాలయమునకు పేరు హెచ్చు? న్యాయశాస్త్రము చదువగోరువారి విషయమున ఈ ప్రశ్న మఱింత గట్టిగ వినవచ్చును. పేరుగల చోట చదివిన వకీలు నోటినుండి వచ్చిన మాటకే విలువ యని తలచువారు పెక్కుమంది. ఆ తలపులో కొంత నిజము లేకపోలేదు. అది యెంత నిజమో తెలిసికొనుటకు వట్టి హితబోధకంటె ఒక జీవితచరిత్రము మేలు. అందుచే ఈ సంచికలో మేము కుమారి కొర్నేలియా సొరాబ్జీ చరిత్రమును మా బాలబాలికల యెదుట నుంచుచున్నాము. లోకమున మిక్కిలి ప్రసిద్ధమైన విశ్వవిద్యాలయములలో ఒకదానియందు ఆమె న్యాయశాస్త్రము చదివెను. ఐనను న్యాయవాదిగ నిలుచుటకు ఆమె ముప్పదియేండ్లకు పైగా వేచియుండవలసివచ్చెను.

కొర్నేలియా 1866వ సంవత్సరము నవంబరు 15వ తేదీన బొంబాయి రాజధానిలోని నాసికమున జన్మించెను. తండ్రి సొరాబ్జీ ఖర్సేడ్జీ పార్సీ కుటుంబమున బుట్టి, యౌవనముననే క్రైస్తవమతము స్వీకరించి, మిషను సేవయందు ప్రవేశించినవాడు. తల్లి ఫ్రాన్సినాను బాల్యమున ఫోర్డు అను ఆంగ్ల కుటుంబమువారు పెంచుకొనిరి. ఆ తల్లి పూనాలో పాఠశాలలు స్థాపించి నడపిన కార్యదక్షురాలు. ఇంటినిండ బిడ్డలున్నను, ఆడుబిడ్డల చదువును మగబిడ్డల చదువుకంటె తక్కువగ జూచుట ఆ యింట లేదు. పరుల కక్కఱకు రాని చదువు చదువుకాదని ఆ తల్లి బిడ్డలకు నేర్పెను.

కొర్నేలియాకు న్యాయశాస్త్రముపై మనసు కలుగుటకు కారణమైన సంగతి యొకటి ఆమె తన స్మృతులలో వ్రాసియున్నది. ఆమె చిన్నపిల్లగ నున్నపుడు ధనవంతురాలైన ఒక గుజరాతీ వితంతువు తల్లియొద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొనెను. ఆమెకు ఆస్తి గలదు. కాని వ్యవహారములన్నియు చూచుచుండినవాడు ఆమె సంతకమును మోసముతో సంపాదించి ఆస్తినంతను కాజేసెను. ఆమె ఘోషాస్త్రీ. పరపురుషునితో మాటలాడరాదు, కావున వకీలునొద్దకు పోజాలదు, న్యాయస్థానమున నిలువజాలదు. చట్టమున ఆమెకు హక్కు లేకపోలేదు. ఆ హక్కును ఆమె నోటినుండి విని న్యాయాధిపతికి విన్నవించువారే లేరు. ఇట్టివారికి తోడుపడగోరినచో న్యాయశాస్త్రము చదువుమని తల్లి బిడ్డకు చెప్పెను. ఏ కళాశాల, ఏ పట్టము అను ఆలోచన పుట్టకమునుపే, ఎవరికొఱకు చదువవలెను అను ప్రశ్నకు ఆ బాలికకు ప్రత్యుత్తరము లభించెను. ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

బొంబాయి విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టముల నొసగుటకు 1883లో అంగీకరించెను. కొర్నేలియా పూనాలోని దక్కను కళాశాలలో చేరెను. ఆ కళాశాలలో విద్యార్థిని ఆమె యొక్కతెయే. తరగతిగదిలో కొందఱు బాలురు ఆమె ముఖముమీదనే తలుపు మూయుట మొదలగు అల్లరిపనులు చేసిరట. ఆమె వానిని లెక్కచేయక చదివి, పట్టపరీక్షయందు ప్రథమశ్రేణిలో నుత్తీర్ణురాలై, ఆ విశ్వవిద్యాలయమున పట్టభద్రురాలైన మొదటి స్త్రీ యయ్యెను. ఆ పరీక్షలో ఆమె సంపాదించిన స్థానమునకు ఇంగ్లండులో చదువుకొనుటకై ప్రభుత్వమువారి విద్యార్థివేతనము రావలసియుండెను. స్త్రీ యన్న కారణమున అది ఆమె కియ్యబడలేదు.

ఆమె నిరుత్సాహపడి ఇంట కూర్చుండలేదు. అహమ్మదాబాదులోని గుజరాతు కళాశాలలో ఆంగ్లము బోధించు నుద్యోగమున చేరి, తనతో సమాన వయస్కులైన యువకులకు పాఠములు చెప్పెను. ఇంతలో ఆమెకు జరిగిన అన్యాయము ఇంగ్లండున కొందఱి చెవి సోకెను. హాబ్‌హౌస్ ప్రభుపత్ని మొదలగువారు చందాలు ప్రోగుచేసిరి. రోగులసేవకు పేరొందిన ఫ్లారెన్సు నైటింగేలు కూడ అందు పాల్గొనెను. ఆ ధనముతో కొర్నేలియా 1889లో ఓడ యెక్కెను.

ఇంగ్లండులో ఆనాడు న్యాయవిద్య యెట్లుండెనో ఇచ్చట కొంత వివరింపవలసియున్నది. న్యాయశాస్త్రమును బోధించునవి విశ్వవిద్యాలయములు. న్యాయస్థానమున వాదించుటకు అధికార మొసగునవి అవి కావు. ఆ యధికారము లండను నగరములోని నాలుగు సంఘముల చేతిలో నుండెను: ఇన్నర్ టెంపులు, మిడిల్ టెంపులు, లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్. వీనిలో చేరి, నియమిత కాలము అచ్చటి విందులకు హాజరై, పరీక్ష నిచ్చినవారే బారిష్టరులు. ఆ సంఘములు స్త్రీలకు ప్రవేశము నిచ్చుట లేదు. ఇక విశ్వవిద్యాలయముల మాట. లండను విశ్వవిద్యాలయమునకు ఆక్సుఫర్డునకున్నంత ప్రాచీనత లేదు. కాని అది 1878నుండియే స్త్రీలకు పట్టముల నొసగుచుండెను. ఎలైజా ఓర్మ్ అను స్త్రీ 1888లో అచ్చట న్యాయపట్టము పొందెను. ఆక్సుఫర్డు శతాబ్దముల కీర్తి గలది. కాని అచ్చట స్త్రీలు ఉపన్యాసములు వినవచ్చును, కొన్ని పరీక్షలకు కూర్చుండవచ్చును. పట్టము మాత్రము లభింపదు. ఒకచోట పట్టము, మఱియొకచోట పేరు. కొర్నేలియా ఆక్సుఫర్డున స్త్రీలకై 1879లో స్థాపింపబడిన సోమర్విల్ హాలులో చేరెను.

ఆ పేరువలన ఆమెకు లాభము కలుగలేదా? కలిగెను, దానిని దాచుట న్యాయము కాదు. రాజ్యాంగధర్మమున ప్రమాణపురుషుడైన డైసీ, న్యాయశాస్త్ర పండితుడైన పోలక్ ఆనాడు ఆక్సుఫర్డులో ఆచార్యులు. బేలియల్ కళాశాల అధ్యక్షుడు బెంజమిన్ జోవెట్ ఆమెను పుత్రికవలె నాదరించి, న్యాయశాస్త్రము చదువుటకు దారి చూపెను. ఆల్ సోల్సు కళాశాల అధ్యక్షుడు సర్ విలియం ఆన్సన్ ఆ కళాశాలలోని కాడ్రింగ్టన్ గ్రంథాలయమున చదువుకొనుటకు ఆమె కనుమతి నిచ్చెను. అంతకుముందు ఆ గ్రంథాలయమున స్త్రీ యెవ్వతెయు చదివియుండలేదు. అచ్చటి పుస్తకములు, ఆ గురువుల స్నేహము, వారి యిండ్లలో పరిచితులైన రాజకీయపురుషులు, ఇవన్నియు పిదప ఆమెకు ఉపకరించినవి. గొప్ప విశ్వవిద్యాలయము ఇయ్యగల నిజమైన సొత్తు ఇదియే.

1892లో ఆమె బి.సి.ఎల్. అను ఉన్నత న్యాయపరీక్షకు సిద్ధపడెను. పురుషులతోబాటు ఒకే శాలలో కూర్చుండి వ్రాయనిండని ఆమె కోరెను. వేఱుగ వ్రాసినచో, స్త్రీలకై తేలికచేసిన పరీక్ష యని రేపు ఎవరైన ననవచ్చునని ఆమె భయము. విశ్వవిద్యాలయ సభ ప్రత్యేకముగ నొక తీర్మానము చేసి, ఆమెకు అనుమతి నొసగెను. ఆ పరీక్ష వ్రాసిన మొదటి స్త్రీ ఆమెయే. పైశ్రేణి రాకున్నను ఆమె ఉత్తీర్ణురాలయ్యెను. అదే పరీక్షలో నెగ్గిన పురుషులు పట్టము నందిరి. ఆమె వట్టిచేతులతో వెలుపలికి వచ్చెను.

కొంతకాలము లండనులో ఒక న్యాయవ్యవహర్తల కార్యాలయమున పని నేర్చుకొని, 1894లో ఆమె స్వదేశమునకు మరలెను. అప్పుడు ఆమె స్థితి యెట్టిది? చదివినది ఆక్సుఫర్డు. చేతిలో పట్టము లేదు. బారిష్టరు కాదు, వకీలు కాదు. చదువు పేరువలన సభలలో గౌరవము కలుగుచుండెనుగాని న్యాయస్థానపు గుమ్మమువద్ద ఆ పేరు ఎవరును అడుగలేదు.

ఐనను ఆమె దొరికిన దారిని విడువలేదు. నేరవిచారణ చట్టము ననుసరించి, కోర్టువారి అనుమతితో ముద్దాయి పక్షమున వకీలు కానివారు సైతము మాటలాడవచ్చును. ఆ యవకాశముతో ఆమె 1896లో పూనా సెషన్సు కోర్టులో హత్యానేరము మోపబడిన ఒక స్త్రీ పక్షమున నిలిచెను. స్వదేశ సంస్థానములలో నియమములు కొంత సడలియుండుటచే అచ్చటను కొన్ని వ్యాజ్యములు నడపెను. అందొకటి ఆమె తన స్మృతులలో నవ్వుచు చెప్పుకొనినది. ఒక యేనుగు మేతకై పూర్వపు రాజు విడిచిన తోపును తరువాత తీసివేసిరట. ఆ యేనుగు పక్షమున ఆమె వాదింపబోయెను. రాజు ఊయలమీద కూర్చుండి వాదము వినెను. తన కుక్కకు ఈమె నచ్చినది గనుక ఈమెదే గెలుపని తీర్పు చెప్పెను. గెలుపు దక్కినదిగాని అది ఆమె కోరిన గెలుపు కాదు. ధర్మశాస్త్రము తెలిసినవారికి కుక్క దయచేత లభించిన తీర్పువలన తృప్తి యెట్లు కలుగును?

ఇచ్చట మేము ముఖ్యముగ చూపదలచిన సంగతి గలదు. ఆక్సుఫర్డులో చదివిన తరువాత మరల బొంబాయి న్యాయపరీక్షకు కూర్చుండుట చిన్నతనమని ఆమె తలపలేదు. ఇంటిపట్టుననున్న విశ్వవిద్యాలయమునకు పోయి, 1897లో ఎల్‌ఎల్.బి. పరీక్షయందు కృతార్థురాలయ్యెను. అదియు చాలదనిపింప, అలహాబాదు హైకోర్టువారి ప్లీడరు పరీక్షకు చదివి, 1899లో దానిలోను నెగ్గెను. అప్పటి కామెకు 32 సంవత్సరములు. పెద్ద పరీక్ష వ్రాసినవారు చిన్న పరీక్షకు కూర్చుండుటకు అభిమానము అడ్డువచ్చును. ఆమె కడ్డురాలేదు. తనకు కావలసినది గౌరవము కాదు, అధికారము. ఆ యధికారము ఏ పరీక్షలో నున్నదో ఆ పరీక్షయే గొప్పది యని ఆమె యెంచెను.

అప్పటికిని తలుపు తెఱవబడలేదు. పరీక్ష నిచ్చిన హైకోర్టువారే ఆమె పేరును వకీళ్ళ పట్టికలో చేర్చుకొనుటకు నిరాకరించిరి. ఇట్టి కష్టము ఆమె యొక్కతెకే కాదు. కలకత్తా విశ్వవిద్యాలయమున న్యాయపట్టము పొందిన రెజీనా గుహ 1916లో దరఖాస్తు పెట్టుకొనగా, చట్టమునందలి మాటలు పురుషులకే వర్తించునని కలకత్తా హైకోర్టు ఆమెను త్రోసిపుచ్చెను. పట్టము విశ్వవిద్యాలయము చేతిలోనిది. వాదించు హక్కు న్యాయస్థానము చేతిలోనిది. ఈ రెంటికి నడుమ ఎంత అగాధ మున్నదో ఆనాటి స్త్రీలకు తెలిసినంతగ మఱెవ్వరికిని తెలియదు.

వాదించు దారి మూయబడగా కొర్నేలియా వేఱొక దారి వెదకెను. మన తెలుగు జిల్లాలలోని పెద్దలకు కోర్టు ఆఫ్ వార్డ్సు అను మాట తెలిసినదే. జమీందారు మైనరైనను, ఎస్టేటు స్త్రీల పాలైనను, ఆ ఎస్టేటును ప్రభుత్వమువారు తమ పాలనలోనికి తీసికొను ఏర్పాటు అది. బంగాళమున ఇట్టి ఎస్టేట్లనేకము లుండెను. వాని యజమానురాండ్రు ఘోషాలోని రాణులు. వారి బాధలు వినుటకు అధికారులలో స్త్రీ యొక్కతెయు లేదు. ఘోషాస్త్రీల పక్షమున ఒక స్త్రీని న్యాయసలహాదారుగ నియమింపవలెనని ఆమె 1902నుండి ప్రభుత్వమునకు విన్నపములు పంపెను, ఇంగ్లండు పత్రికలలో వ్రాసెను. ఆక్సుఫర్డు స్నేహములు అప్పుడు అక్కఱకు వచ్చినవి. 1904లో బంగాళ ప్రభుత్వమువారు ఆమెను కోర్టు ఆఫ్ వార్డ్సునందు నియమించిరి. క్రమముగ బీహారు, ఒరిస్సా, అస్సాములకు సైతము ఆమె పని వ్యాపించెను.

అది కుర్చీలో కూర్చుండి చేయు పని కాదు. రైలు దిగి పడవ, పడవ దిగి పల్లకి, ఒక్కొక్కచో ఏనుగు. ఇట్లు ప్రయాణము చేసి ఆమె అంతఃపురములకు చేరుచుండెను. రాణులతో చాపమీద కూర్చుండి వారి మాట ఓపికతో వినుచుండెను. దత్తత, వీలునామా, మనోవర్తి, దివాను లెక్కలు, బిడ్డల చదువు, అత్తాకోడండ్ర తగవులు, ఇవియే ఆమె వ్యాజ్యములు. వ్రాతకాగితము చదివి వినిపించి, అర్థము చెప్పి, పిదప సంతకము చేయుమనుట ఆమె పద్ధతి. చిన్ననాడు తల్లియింట కన్నీరు పెట్టిన వితంతువునకు ఆనాడు ఎవ్వరును చేయని పని ఇదియే. ఇరువదియేండ్ల ఆ సేవలో ఇంచుమించు 600 మంది స్త్రీలకును అనాథబాలలకును ఆమె తోడుపడినదని చెప్పుదురు. కొందఱియొద్ద ఆమె ఏమియు పుచ్చుకొనలేదు. 1909లో ఆమెకు కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకము లభించెను.

కాలము మెల్లగ మాఱెను. 1919లో ఇంగ్లండున చేయబడిన చట్టము స్త్రీలకు న్యాయవాదవృత్తిని తెఱచెను. 1920లో ఆక్సుఫర్డు స్త్రీలకు పట్టముల నొసగ మొదలుపెట్టెను. 1921లో అలహాబాదు హైకోర్టు కొర్నేలియాను వకీలుగ చేర్చుకొనెను. 1922లో ఆమె ఆక్సుఫర్డుకు పోయి, 1892లో నెగ్గిన పరీక్షకు తగిన పట్టమును ముప్పదియేండ్లకు అందుకొనెను. 1923లో లింకన్స్ ఇన్ ఆమెను బారిష్టరుగ గైకొనెను. స్త్రీ యన్న కారణమున ఎవ్వరును న్యాయవృత్తికి అనర్హురాలు కాదని మనదేశమునను ఆ సంవత్సరముననే చట్టము వచ్చెను. 1924లో ఆమె కలకత్తాలో బారిష్టరుగ పని ప్రారంభించెను. అప్పటి కామెకు 57 సంవత్సరములు. అచ్చటి సాటి న్యాయవాదులు ఆమెను మనసార స్వాగతింపలేదు. కోర్టులో నిలిచి వాదించు పనికంటె వ్రాతమూలమున అభిప్రాయములు చెప్పు పనియే ఆమెకు హెచ్చుగ దొరకెను. 1929లో ఆమె వృత్తినుండి విరమించి లండనున స్థిరపడెను. అచ్చటనే 1954వ సంవత్సరము జూలై 6వ తేదీన కాలధర్మము నందెను. 2012లో లింకన్స్ ఇన్ నందు ఆమె అర్ధప్రతిమ నెలకొల్పబడెను.

జీవితచరిత్రము వ్రాయువారు గుణములతోబాటు లోపములను చెప్పవలెను. కొర్నేలియా ఆంగ్లప్రభుత్వముపై మిక్కిలి నమ్మకము గలది. స్వరాజ్యోద్యమమును, గాంధీమహాత్ముని మార్గమును ఆమె బాహాటముగ విమర్శించెను. అందుచే స్వదేశీయులు పలువురు ఆమెకు దూరమైరి. దేశము స్వతంత్రమైన పిదప ఆమె పేరు చాలకాలము మఱుగుపడెను. ఆ విషయమున ఆమె దృష్టి సంకుచితమని మేమును తలంచెదము. ఐనను ఘోషాలోని స్త్రీలకు ఆమె చేసిన మేలు ఆ కారణమున తఱిగిపోదు.

ఇక విద్యార్థులతో ఒక మాట. నేడు మనదేశమున బారిష్టరు, వకీలు, ప్లీడరు అను భేదములు లేవు. 1961నాటి చట్టము అందఱిని ఒక్క వర్గముగ జేసెను. బెంగుళూరులో జాతీయ న్యాయవిద్యాలయమున 1988లో బోధన ప్రారంభమయ్యెను. హైదరాబాదునందు 1998లోను, విశాఖపట్టణమునందు 2008లోను అట్టివే వెలసినవి. వీనిలో ప్రవేశమునకై వేలకొలది బాలబాలికలు పోటీపడుచున్నారు. పేరుగల ఆ చోట్ల మంచి గురువులు, గ్రంథాలయములు, స్నేహితులు లభింతురు, ప్రయత్నించుట మంచిదే. కాని బార్ కౌన్సిలు గుర్తింపుగల ఏ కళాశాలలో చదివినను, పట్టము పుచ్చుకొని, రాష్ట్ర బార్ కౌన్సిలులో పేరు వ్రాయించుకొని, అఖిలభారత బార్ పరీక్షలో నెగ్గినవారికి లభించు హక్కు ఒక్కటియే. విదేశమున న్యాయపట్టము పొంది వచ్చిన మనవారు సైతము ఇచ్చట వేఱొక అర్హతపరీక్షలో నెగ్గవలసియున్నది.

కావున కళాశాలను ఎన్నుకొనునపుడు దాని పేరుతోబాటు మఱికొన్ని సంగతులు విచారింపుడు. అచ్చట బోధించువారెవరు? చేతికి వచ్చు పట్టమేది? ఆ పట్టము ఏ తలుపు తెఱచును? మీ తలిదండ్రులు ఆ వ్యయమును భరింపగలరా? కోరిన చోట స్థలము దొరకనిచో చదువు అంతటితో ముగిసినదని కుందవలదు. ఆక్సుఫర్డునుండి వచ్చి బొంబాయి పరీక్షకు కూర్చుండిన ఆమెను తలచుకొనుడు. ఆమెకు ఆక్సుఫర్డు విద్య నిచ్చెను, బొంబాయి పట్టము నిచ్చెను, అలహాబాదు పరీక్ష నిచ్చెను. అయినను వీనిలో నేదియు ఆమెకు పని నియ్యలేదు. ఎవరికొఱకు చదువుచుంటినో మఱువకుండుటయే ఆమెకు పని నిచ్చినది. ఏ కళాశాలయు ఇయ్యలేని ఆ యొక్కదానిని మీరు ఇంటినుండియు ఈ పాఠశాలనుండియు వెంట తీసికొనిపోవలెనని మా కోరిక.